కొత్త సర్వరు కొంటే సరిపోతుందా?

ఆ మధ్య దుబాయ్‌లో ఓ మనీ ఎక్స్ఛేంజ్‌కి కన్సల్టెంటుగా వెళ్ళాను (పేరు అడక్కండి). జబ్బేంటంటే, డేటాబేసులో అప్‌డేట్లు అప్పుడప్పుడు, అదీ బాగా రద్దీగా ఉన్నప్పుడే, నలభై సెకన్ల పాటు బిగుసుకుపోతాయి. మిగతా వేళల్లో బుద్ధిగా నడుస్తాయి.

2009లో ఎమిరేట్స్‌లో వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ వచ్చాక కూలీల జీతాలు కూడా బ్యాంకులు, ఎక్స్ఛేంజ్‌ల ద్వారానే వెయ్యాలి. జీతం పడ్డ సాయంత్రం సోనాపూర్ క్యాంపుల జనం కౌంటర్ల ముందు బారులు తీరతారు.

అక్కడి పెద్దమనిషి గ్రాఫు చూపించి, "సగటు 0.2 సెకన్లేనండీ. అయినా పెద్ద సర్వరు కొంటున్నాం, అదే సర్దుకుంటుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వెయ్యి అప్‌డేట్లలో 995 ఐదేసి మిల్లీసెకన్లలో అయిపోయి, మిగతా ఐదూ నలభయ్యేసి సెకన్లు పట్టినా సగటు 0.2 సెకన్లే వస్తుంది మహాప్రభో! ఆ ఐదుగురిలో ఒకాయనది కరీంనగర్ జిల్లా. నేను తెలుగువాణ్ణని తెలిసి, "సార్, ఇంటికాడ కిస్తీ కట్టాలె, పైసలు పోయినట్టేనా?" అని మూడుసార్లు అడిగాడు. బయట క్యాంపు బస్సు హారన్ కొడుతోంది. ఆయనకి సగటు గురించి ఏం చెప్పను?

పోస్ట్‌గ్రెస్‌లో లాగ్ లాక్ వెయిట్స్ అని ఒక సెట్టింగుంది. అది పెడితే, తాళం కోసం ఎవరైనా ఒక సెకను మించి ఆగినప్పుడు (డెడ్‌లాక్ టైమౌట్‌ని మీరు మార్చకపోతే) ఆ తాళం ఎవరి చేతిలో ఉందో కూడా లాగులో రాస్తుంది. పెట్టి చూశాను. ప్రతి లావాదేవీ "బ్రాంచి ఈరోజు మొత్తం" అనే ఒకే ఒక్క వరసని అప్‌డేట్ చేస్తోంది. చేసి కమిట్ చేస్తుందా? లేదు, తాళం చేత్తో పట్టుకునే అవతలి బ్యాంకు జవాబు కోసం కూర్చుంటోంది! ఆ జవాబు ఆలస్యమైతే వెనకున్న కౌంటర్లన్నీ బంద్. సీపీయూ మాత్రం గోళ్ళు గిల్లుకుంటోంది. ఇలాంటప్పుడు ఎంత పెద్ద సర్వరు తెచ్చి ఏం లాభం?

డిస్కు వల్ల, చెక్‌పాయింట్ల వల్ల కూడా ఇలా అవుతుంది, కాదనను. అప్పుడు మంచి డిస్కు కొనండి, నేనే సంతకం పెడతా. కానీ చూడకుండా కొనడమేంటి? నాడి పట్టకుండా సెలైన్ ఎక్కించే ఆరెంపీ వైద్యమిది.

బ్యాంకుతో మాట్లాడే పనిని ట్రాన్సాక్షన్ బయటికి లాగి, రోజు మొత్తాన్ని విడిగా లెక్కగట్టేలా మార్చడానికి రెండు రోజులు పట్టింది. కొత్త సర్వరు కూడా వచ్చింది లెండి. ఆర్డరు అప్పటికే వెళ్ళిపోయిందట.