పాపకా? కాదు, నాకే

పోయిన దసరాకు మా ఇంటికి ఒక డిజిటల్ పియానో వచ్చింది. చూడవచ్చిన వాళ్ళందరూ ఒకటే అడిగారు: "పాపకా?" మా పాప వేలూరు హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. అయినా మొదటి ఇద్దరు ముగ్గురికి "అవును, సెలవులకొస్తే వాయించుకుంటుందని" అని చెప్పేశాను. ఆ అబద్ధం నా నోట్లోంచి అంత సులువుగా ఎట్ల వచ్చిందా అని చాలా రోజులు ఆలోచించాను.

నిజానికి మా ఇంట్లో ఇది రెండో వాయిద్యం. పదేళ్ళ కిందట పాపకని ఒక చిన్న కీబోర్డు కొన్నాం. అరు నెలలు ట్యూషన్‌కు పోయింది, తర్వాత కీబోర్డు మంచం కిందికి పోయింది. దాన్ని ఆశపడి కొనిపించింది నేనే. పాప బడికి పోయినాక తలుపు దగ్గరికి వేసుకుని ఒంటి వేలితో నొక్కుకునేదాన్ని. బయట ఆటో చప్పుడు వినిపిస్తే దొంగలాగా మూసేసేదాన్ని. మన కోరికల్ని పిల్లల పేరు మీద కొనడం మనలో చాలామందికి అలవాటు. దాంతో ఇద్దరికీ నష్టమే. పిల్లలేమో ఇష్టం లేని క్లాసుకు పోతారు, మనమేమో ఇష్టమైనదాన్ని ముట్టుకోవడానికి భయపడతాం.

ఈసారి చీటీ డబ్బు వచ్చింది, నలభై అయిదు వేలు. విషయం చెప్పగానే మా అత్త, "గొలుసు చేయించుకుంటే కష్టానికి తాకట్టుకైనా పనికొస్తుంది గదా పాపా. ఈ వయసులో ఎవురికి వాయించి చూపిద్దామని?" అనింది. ఆమె మాటను నేను తీసిపారెయ్యను. పాప పుట్టినప్పుడు ఆస్పత్రి ఖర్చుకు తాకట్టు పెట్టింది ఆమె గాజులే. పియానోను రేపు అమ్మబోతే సగం ధర వస్తుందో రాదో. అదీ నిజమే. కానీ ఇరవై రెండేళ్ళలో నేను కట్టిన చీటీలన్నీ ఫీజులకు, ఇంటి పైకప్పుకు, ఆడబిడ్డ పెళ్ళికి పోయాయి. ఒక్క చీటీ నాకోసం ఖర్చుపెట్టుకుంటే తప్పు కాదనే నా అభిప్రాయం.

ఇంకొకరు, "తిరుపతిలో ఉండి అన్నమయ్య కీర్తనలు నేర్చుకోక, ఈ దొరల వాయిద్యం ఎందుకు?" అన్నారు. ఇందులో సగం న్యాయముంది. పియానోలో ఏ మీట స్వరం ఆ మీటదే. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం కుదరదు, కాబట్టి గమకం పలకదు. కీర్తనలే మీ ఆశ అయితే గాత్రమో వీణో నేర్చుకోండి, మన ఊళ్ళోనే దేవస్థానం వారి సంగీత కళాశాల ఉంది. కానీ "మనది కాదు" అనే మాట ఒప్పుకోను. వయొలిన్ కూడా బయటి నుంచి వచ్చి కచేరీలో మనదైపోయిందే! 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మన మదనపల్లెకు వచ్చి కాలేజీలో జనగణమన పాడితే, దాని స్వరలిపి సిద్ధం చేసింది ఐర్లండు నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్. పాశ్చాత్య సంగీతం చదువుకున్న ఆమెకు అప్పుడు నలభై ఏళ్ళు. నేను ఆమెతో పోల్చుకోవడం లేదు. ఆ స్వరాలు మన నేలకు కొత్త కాదని మాత్రమే చెబుతున్నాను.

సరే, కొనేవాళ్ళకు నాకు తెలిసింది చెబుతాను. పియానో అసలు పేరు పియానోఫోర్టే. ఇటాలియన్ భాషలో మెల్లగా, గట్టిగా అని. వేలితో మెల్లగా తాకితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకడమే దాని గుణం. కాబట్టి అయిదు వందల రకాల చప్పుళ్ళు, తాళాలు ఉన్నాయని చెబితే మురిసిపోకండి. మీట బరువు చూడండి. మంచి డిజిటల్ పియానోలో మీటలు అసలు పియానోలో లాగా బరువుగా ఉంటాయి, ఎడమవైపు ఇంకొంచెం ఎక్కువ. పూర్తి పియానోకు 88 మీటలు. మొదటి ఏడాది 61 కూడా చాలు, కానీ తేలిక మీటలకు అలవాటుపడిన వేళ్ళు తర్వాత బరువు మీటల దగ్గర మొరాయిస్తాయి. అందుకే ఫోన్లో చూసి ఆర్డర్ పెట్టకుండా నేను సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోయి, నాలుగైదు రకాలు నొక్కి చూసి కొన్నాను. కాలితో తొక్కే పెడల్, కదలని స్టాండు, సరైన ఎత్తు కుర్చీ ఖర్చు కూడా ముందే లెక్క వేసుకోండి.

బిల్లు రాసేటప్పుడు అంగడాయన "సార్ పేరు చెప్పండి" అన్నాడు. మా ఆయన పక్కనే ఉన్నాడు. నా పేరే చెప్పాను.

మొదటి రోజే సంతోషం కావాలంటే నల్లమీటలు మాత్రం వాయించండి. రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిదాన్ని షడ్జం అనుకుని వరసగా అయిదూ నొక్కితే మోహన రాగం స్వరాలు. తెల్లమీటల్లో, రెండు నల్లమీటల గుంపుకు ఎడమ పక్కన ఉన్నదాని నుంచి మొదలుపెడితే శంకరాభరణం. గమకాలు లేకపోయినా చెవి గుర్తుపడుతుంది. కష్టమంతా ఎడమచేతితో. కుడిచెయ్యి చెప్పిన మాట వింటుంది గానీ, రెండూ కలిపితే ఎడమది కుడిదాని వెంట పరిగెత్తుతుంది. మూడు నెలలైనా నాకింకా పూర్తిగా లొంగలేదు. రోజుకు ఇరవై నిమిషాలు, అంతే.

పియానోకు హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు. పొద్దున నాలుగున్నరకు, పాలు రాకముందు, ఇల్లంతా నిద్రపోతుంటే వాయించుకునేదాన్ని. ఎవరికీ ఇబ్బంది లేదు గదా అనుకున్నాను. కొన్నాళ్ళకు తెలిసింది, ఇది కూడా ఆ పాత తలుపు దగ్గరికి వేసుకోవడమేనని. ఒక సాయంత్రం హెడ్‌ఫోన్ తీసేసి వాయించాను. చేతులు వణికాయి. వంటింట్లోంచి మా అత్త గొంతు వినిపించింది:

"నడుమ ఒకటి తప్పు పోయింది పాపా, అది మళ్ళా వాయించు."

మళ్ళీ వాయించాను. మొన్న పక్కింటామె చుట్టాలొచ్చి "పాపకా?" అని అడిగారు. "కాదు, నాకే" అన్నాను.