సైగల భాషకు బడిలో చోటు

మొగుళ్లపల్లి లాంటి మండలంలో బధిర పిల్లల్ని ముందు బెంచీలో కూర్చోబెట్టి, సారు పెదవులు చూసి నేర్చుకొమ్మంటే చదువు చెప్పినట్టు కాదు. పాట, బాట, మాట: మూడింటికీ పెదవుల కదలిక ఒక్కటే. సారు బోర్డు వైపు తిరిగాడా, ఆ కాస్త ఆధారమూ పోయినట్టే. అందుకే ఈ సంచిక సైగల భాషను బడిలోకి రానివ్వమంటోంది.

సైగలు నేర్పితే మాట రాదన్న భయం పాతదే. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్య మహాసభ సైగల్ని బడుల నుంచి వెళ్లగొట్టింది ఆ నమ్మకంతోనే (ఓటేసినవాళ్లలో దాదాపు అందరూ చెవులు వినిపించేవాళ్లే!). 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే మహాసభ ఆ తీర్మానాలను తోసిపుచ్చింది. సైగలెందుకు, ఆరోగ్యశ్రీలో వినికిడి కోసం కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది కదా అంటారు కొందరు. మంచిదే, కానీ ఆపరేషన్ తర్వాత చాలాకాలం స్పీచ్ థెరపీ కావాలి. ఈలోగా భాష పట్టుబడే వయసు ఆగదు.

నేర్పేవాళ్లేరీ అన్నదే గట్టి ప్రశ్న. చట్టాలకైతే లోటు లేదు. ఫిలిప్పీన్స్ 2018లో తమ సైగల భాషను బధిరుల బోధనాభాషగా చట్టం చేసింది. మన 2016 దివ్యాంగుల చట్టమూ సైగల భాష వచ్చిన టీచర్లు ఉండాలంటుంది. ఢిల్లీలోని సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పదివేల పదాల సైగల నిఘంటువును 2021 నాటికే తెచ్చింది. కానీ నిఘంటువు పాఠం చెప్పదు, మనిషి కావాలి. అందుకే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో సైగల భాష వచ్చిన బధిర యువతినో యువకుణ్ణో నియమించాలి, తల్లిదండ్రులకూ అక్కడే నేర్పాలి.