ఫ్లిప్పర్ నీరసిస్తే కాయిల్ మార్చడమేనా?

పిన్‌బాల్ యంత్రంలో ఫ్లిప్పర్ నీరసించిందనగానే ఇంకాస్త బలమైన కాయిల్ తెప్పించి బిగించేవాళ్లను మా షికాగో శివార్లలో తరచూ చూస్తుంటాను. సెలవు రోజుల్లో పాత యంత్రాలు బాగుచేసే మనిషిగా చెబుతున్నాను, ఇది తప్పుడు వైద్యం.

1947లో ఇదే షికాగోలో గాట్లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’ అనే యంత్రానికి ఫ్లిప్పర్లు పెట్టింది. జారిపోయే బంతిని మళ్లీ పైకి కొట్టే సత్తా ఆటగాడికి వచ్చింది అప్పుడే. అవి మెత్తబడితే బంతి ర్యాంపు సగం ఎక్కి వెనక్కి దొర్లుతుంది. డబ్బులు వేసిన పిల్లవాడు తనకే ఆట రాదనుకుంటాడు.

మా ఇంట్లో 1990 నాటి ‘ఫన్‌హౌస్’ ఉంది. దాని ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్లుంటాయి. బటన్ నొక్కగానే కరెంటు లావు తీగ చుట్టులోంచి పోయి గట్టి దెబ్బ కొట్టిస్తుంది. ఫ్లిప్పర్ పూర్తిగా లేచాక చిన్న స్విచ్ ఒకటి విడిపోతుంది. అప్పుడు సన్న తీగ చుట్టు కూడా దారిలోకి వచ్చి కరెంటు తగ్గుతుంది, కాయిల్ కాలిపోకుండా ఉంటుంది. ఆ స్విచ్ కాంటాక్టులు నల్లబడినా, సరిగా ఆనకపోయినా దెబ్బకు చాలినంత కరెంటు మొదటినుంచీ అందదు. ప్లగ్ పీకేసి, కాంటాక్టులను సన్న ఆకురాయితో మెల్లగా రుద్ది, రేకు వంపు సరిచేస్తే చాలాసార్లు బలం తిరిగొస్తుంది. బటన్ వెనక ఉన్న స్విచ్‌నూ చూడాలి. 1992 నాటి ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ యంత్రంతో వచ్చిన పద్ధతి వేరు, అలాంటి యంత్రాల స్విచ్ కాంటాక్టులకు ఆకురాయి తగిలించకండి, శుభ్రమైన గట్టి కాగితం ముక్క మధ్యలోంచి లాగితే చాలు.

ఆ తర్వాత చూడాల్సింది ప్లంజర్, అంటే కాయిల్ లోపల కదిలే ఇనుప కడ్డీ. ఏళ్లతరబడి స్టాపర్‌కు గుద్దుకుని దాని కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, అది కదిలే గొట్టంలో, అంటే స్లీవ్‌లో ఒరుసుకుంటుంది. కరెంటు తీసేసి ఫ్లిప్పర్‌ను చేత్తో కదిపితే పట్టేస్తోందో లేదో వేళ్లకే తెలుస్తుంది. దయచేసి స్లీవ్‌లో నూనె వేయకండి, దుమ్ము చేరి బంకవుతుంది. ప్లంజర్, లింకు, స్లీవ్, స్టాపర్ నాలుగూ ఒకేసారి మార్చండి.

బలమైన కాయిల్ వీటిలో దేన్నీ నయం చేయదు. పైగా బంతి విసురుకు ప్లాస్టిక్ భాగాలు పగులుతాయి. ‘ఫన్‌హౌస్’ చేసిన విలియమ్స్ 1999లోనే పిన్‌బాల్ తయారీ మానేసింది కాబట్టి, పగిలినవాటికి బదులు ఆ కంపెనీ నుంచి రావు.

యంత్రాలు పెట్టుకుని నడిపే యజమానులకు నా మనవి ఒక్కటే: ఫ్లిప్పర్ మెత్తబడిందని తెలిశాక ఆ యంత్రంలో ఎవరిచేతా డబ్బులు వేయించకండి. బాగయ్యేదాకా ఆపి ఉంచండి.