సంతకం మనది, సొమ్మెవరిది?



ప్రతి యేటా మన సంచికలో వెన్నెల మీద నాలుగు కవితలు, నిరుద్యోగం మీద రెండు వ్యాసాలు తప్పకుండా వస్తాయి. ఉద్యోగం లేనివాని బాధ ఎంతైనా రాస్తాం గానీ, దొరికినవాని గతి ఏమిటో రాయం. దొరికిందే పదివేలు అనుకొని ఊరుకుంటాం. ఈసారి నేను ఆ సంగతి రాయదలచుకున్నాను. ఎందుకంటే నేను స్వయంగా ఒక అబద్ధపు సంతకం పెట్టాను.

రెండేళ్ల కింద ఎండాకాలం సెలవుల్లో జనగామలో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరాను. పొద్దున తొమ్మిదిన్నరకు పోతే రాత్రి తొమ్మిదిన్నరకు బయటపడేవాణ్ణి. అంతసేపూ నిలబడే ఉండాలి. (కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో దుకాణంలో కూర్చునే హక్కు కూడా చట్టమైందని తర్వాత తెలిసి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.) నెలాఖరున గుమాస్తా రిజిస్టరు ముందుకు తోశాడు. అందులో నా పేరుకెదురుగా పదకొండు వేల పైచిలుకు అంకె ఉంది. చేతిలో పెట్టింది ఏడు వేలు.

“ఇదేంది సార్, గింత రాసిండ్రు?”

“అది లెక్క కోసం రా. నువ్వు సంతకం పెట్టు.”

పెట్టాను. నా వెనకాల నిలబడ్డ అక్క అయితే అంకె వంక చూడనే లేదు. “మా చిన్నోడు పుట్టినప్పటి సంది పెడుతున్న తమ్మీ” అంది. ఆ చిన్నోడు అప్పటికి తొమ్మిదో తరగతి.

ఇది జరిగింది ఏ గడ్డ మీదనో చూడండి. పాలకుర్తి చాకలి ఐలమ్మది ఈ జిల్లానే. వెట్టికి, దొరతనానికి ఎదురుతిరిగి 1946 జులై 4న దొడ్డి కొమురయ్య ప్రాణమిచ్చిన కడవెండి కూడా ఈ జిల్లాలోనిదే. ఏటా ఆ రోజున దండలు వేస్తాం, ఉపన్యాసాలు చెప్తాం. వెట్టి పోయిందని అనుకుంటాం. కానీ వెట్టి అంటే ఉత్తపుణ్యానికి చేసే చాకిరీ ఒక్కటే కాదని సుప్రీంకోర్టు ఎన్నడో చెప్పింది.

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, వంతెనలు కట్టారు. అప్పుడు అక్కడి కూలీకి రోజుకు కనీస వేతనం 9 రూపాయల 25 పైసలు. అందులోంచి జమాదారు మనిషికో రూపాయి పట్టుకొని 8 రూపాయల 25 పైసలు ఇచ్చేవాడు. ఒక్క రూపాయే గదా! ఆ రూపాయి మీద పౌరహక్కుల సంఘం వాళ్లు రాసిన ఉత్తరాన్నే కోర్టు పిటిషనుగా తీసుకుంది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని జస్టిస్ భగవతి తీర్పు రాశారు. కాంట్రాక్టరు మనుషులతో మాకేం సంబంధమని పని చేయించుకునే ప్రభుత్వ సంస్థలు తప్పించుకోజాలవని కూడా అన్నారు.

రూపాయి కోతనే అట్లా అంటే, నాలుగు వేల కోతను ఏమనాలి?

అయితే కోర్టుకు పోవడానికి ముందు కార్మికునికి ఒక చిక్కు వస్తుంది. ఏ ఆఫీసుకు పోవాలె? జనగామ దుకాణంలో పనిచేసేవాడు రాష్ట్ర కార్మిక శాఖ పరిధిలోకి వస్తాడు. మానుకోట స్టేషను బయట హోటల్లో గిన్నెలు తోమేవాడూ అంతే. అదే స్టేషను లోపల రైల్వే కాంట్రాక్టు కింద ఊడ్చేవానికి మాత్రం కేంద్ర కార్మిక శాఖ. భూపాలపల్లిలో అయితే మరీ విచిత్రం. బొగ్గుగనిలో దిగే కాంట్రాక్టు కార్మికునికి కేంద్రం, ఆ బొగ్గు కాల్చే చెల్పూరు థర్మల్ కేంద్రంలో పనిచేసే కాంట్రాక్టు కార్మికునికి రాష్ట్రం. అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే రకం పని చేస్తారు, జీతం ఆగితే మాత్రం ఇద్దరూ రెండు దిక్కులకు నడవాలి. ఒక గుమ్మం కాదంటే ఇంకో గుమ్మం. అంతలో కాంట్రాక్టరు మారిపోతాడు. 2022 సెప్టెంబర్‌లో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు వేతనాల కోసం సమ్మెకు దిగారంటే, ఏ గుమ్మమూ ఎక్కే ఓపిక లేకనే అనిపిస్తుంది నాకు.

రాష్ట్రం సంగతీ చెప్పుకోవాలి. 1948 చట్టం కనీస వేతనాలను అయిదేళ్లకు మించకుండా సవరించాలన్నది. 2021లో మన ప్రభుత్వం అయిదు రంగాలకు వేతనాలు పెంచుతూ ఉత్తర్వులిచ్చి, వాటిని గెజిట్‌లో అచ్చువేయకుండా ఏళ్లు గడిపింది. అచ్చుకాని ఉత్తర్వు ఎవరి కడుపు నింపుతుంది?

ఇక 2025 నవంబర్ 21న 29 పాత చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వీటిలో నాకు నచ్చనివి ఉన్నాయి. పాత చట్టం 20 మంది ఉన్నచోటికల్లా కాంట్రాక్టు కార్మికులకు రక్షణ ఇస్తే కొత్తది 50 మంది ఉంటేనే అంటున్నది. పట్టుకోదగ్గవీ ఉన్నాయి. పనిలో చేరినవానికి నియామక పత్రం ఇచ్చితీరాలి. జీతం ముట్టలేదని కార్మికుడు దావా వేస్తే, ముట్టిందని రుజువు చేయవలసింది యజమానే. కానీ ఆ రుజువు ఎక్కడుంది? మనం పెట్టిన సంతకంలో ఉంది! నేను, అక్క, ఇంకా ఎందరమో చూడకుండా పెట్టి ఇచ్చిన సంతకమే రేపు మాకు ఎదురు సాక్షి. బ్యాంకు ఖాతాలో వేయమని అడగడం, చీటీ అడగడం, చేతికి వచ్చిన అంకెనే రాసి సంతకం పెడతాననడం – ఇవి ఎంత చిన్న మాటలో అంత కష్టమైన మాటలు. ఒక్కడు అంటే “రేపటి నుంచి రాకు” అంటారు. పదిహేను మందిమి ఒక్కమాట మీద ఉంటే అంత సులువు కాదు.

ఇదంతా కూలీల సంగతి, మనకెందుకని అనుకునే మిత్రులకు ఒక మాట. మనలో చాలామందిమి పీజీ చేసి ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పబోయేవాళ్లమే. ఉపాధ్యాయుడు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికుడు కాడని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. మన కాలరు తెల్లదే గానీ, కింద పట్టుకోవడానికి కొమ్మ ఇంకా తక్కువ.

అందుకే మన యూనియన్‌ను ఒకటి అడుగుతున్నాను. క్యారమ్ బోర్డు ఉన్న ఆ గదిని ఆదివారం రెండు గంటలు తెరిచి పెట్టండి. దరఖాస్తులు రాయడం వచ్చినవాళ్లం కూర్చుంటాం. ఎవరిది ఏ ఆఫీసో చెప్తాం.

అక్క నిరుడు ఎండాకాలంలో మోకాళ్ల నొప్పులతో పని మానేసింది. పద్నాలుగేళ్ల నౌకరీ. గ్రాట్యుటీ అడిగితే “నువ్వెన్నడు మా దగ్గర పర్మనెంటు?” అన్నారట. 1972 చట్టానికి పర్మనెంటుతో పనిలేదు. పదిమంది పనిచేసే చోట అయిదేళ్లు నిండితే చాలు, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున రావాలి. ఆమె చేతికి వచ్చిన ఎనిమిది వేల మీద లెక్కగట్టినా 64 వేలు దాటింది. రిజిస్టరులోని అంకె మీద కట్టాలంటే ఇంకా పెరుగుతుంది.

మొన్న ఇద్దరం కలిసి దరఖాస్తు సిద్ధం చేశాం. రాయడం కాగానే అక్క పెన్ను అందుకొని “ఏడ పెట్టాలె తమ్మీ?” అంది. ఆగమని, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఎనిమిది వేలు అన్నచోట మళ్లీ ఒకసారి చదవమంది. విచారణ తేదీ ఇంకా రాలేదు.