గేరు సైకిలు – చేతికంటిన గ్రీజు

జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు నుండి యూసుఫ్‌గూడ వైపు గాని, ఫిలింనగర్ గుట్ట మీదినుండి షేక్‌పేట వైపు గాని దిగివచ్చే దారులను ఎరిగినవారికి ఆ వాలు ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ వాలుపై చెప్పుకాలిని నేలకు రాస్తూ వేగం తగ్గించుకొనే కుర్రవాళ్లను మనము తరచుగా చూస్తూనే ఉన్నాము. వారు ఎక్కినది పాత డొక్కు సైకిలు కాదు. లావు టైర్లు, ముందు స్ప్రింగు ఫోర్కు, 21 గేర్లు గల మౌంటెన్ బైకు. ఏ పెద్ద భవనం వారో వద్దని వదిలివేయగా వాచ్‌మన్ కుమారునికి దక్కినది. గేర్లు 21 ఉన్నవి గాని బ్రేకు ఒక్కటీ పనిచేయదు. తీగ తెగి ఎన్నాళ్లయినదో! ఆ తీగ వెల పెద్దదేమీ కాదు. ఒక చిన్న పానా, ఒక కటింగు ప్లేయరు, పావుగంట కాలం చాలును. ఆ పావుగంట పని ఇంటిలో ఎవరికీ రాకపోవుటయే మా ఈ వ్యాసానికి హేతువు.

2020లో కరోనా మహమ్మారి వలన వ్యాయామశాలలు మూతపడినప్పుడు దేశమంతటా సైకిళ్లకు గిరాకీ పెరిగినది. కలిగిన కుటుంబాల వారు వేలకు వేలు పోసి కొన్న గేరు సైకిళ్లు ఆనాడు కె.బి.ఆర్. ఉద్యానవనం చుట్టూ తిరిగినవి. వాటిలో ఎన్నో ఇప్పుడు సెల్లారులలో, కార్ల వెనుక, గోడకు చేరగిలబడి ఉన్నవి. టైర్లలో గాలి లేదు. చైను ఎర్రబారినది. యజమానిని అడిగితే "పాడైపోయింది" అంటారు. ఏమి పాడైనదని అడిగితే జవాబు రాదు. మేము చూచినంతలో వీటిలో అధికభాగం పాడైనవి కావు, పట్టించుకొనక వదిలివేయబడినవి. ట్యూబులో గాలి దిగుట, చైను ఎండుట, తీగ సాగుట – ఇంతమాత్రానికే యంత్రం చచ్చినదనుకొనుట దాహం వేసిన మనిషిని కాటికి మోసుకొనిపోవుట వంటిది. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల పొడవున, సౌరఫలకాల కప్పుతో సైకిలు బాటను ప్రభుత్వం తెరచినది. సంతోషమే. బాట మీదికి పోదగిన స్థితిలో సైకిలు కూడా ఉండాలి కదా!

అసలు ఈ సైకిలు పుట్టుకయే మరమ్మతులో ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీలో టమల్పాయిస్ అనే కొండ కలదు. 1970 దశకంలో అక్కడి యువకులు కొందరు ఎవరికీ అక్కరలేని పాత బరువు సైకిళ్లను చవకగా సంపాదించి, బాగుచేసుకొని, ఆ కొండ దిగుటకు వాడసాగారు. 1976 అక్టోబరులో వారు మొదలుపెట్టిన దిగుడు పందేనికి 'రీప్యాక్' అని పేరు. ఆ పేరు వెనుక కథ చిత్రమైనది. వెనుక చక్రపు హబ్బులో ఉండే బ్రేకు ఒక్కసారి కొండ దిగేసరికి వేడెక్కి, లోపలి గ్రీజంతా పొగయై పోయేది. విప్పి మళ్లీ గ్రీజు కూరితే గాని మరుసటి పరుగుకు పనికిరాదు. ఆ 'మళ్లీ కూరుట'యే పందేనికి పేరైనది. వారిలో ఒకరైన జో బ్రీజ్ 1977లో ఈ పనికే ప్రత్యేకించి ఫ్రేము కట్టారు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అనేవారు 1979లో వ్యాపారం ప్రారంభించారు. 1996 నాటికి అట్లాంటా ఒలింపిక్స్‌లో అది ఒక క్రీడ అయినది. చేతికి గ్రీజు అంటించుకొన్నవారు కనిపెట్టిన వాహనాన్ని మనము గ్రీజంటే అసహ్యించుకొంటూ కొనుక్కొంటున్నాము.

మన నేల స్వభావం కూడా ఈ విషయంలో గమనింపదగినది. జూబ్లీ హిల్స్ మొదలు ఖాజాగూడ గుట్టల వరకు ఉన్నది సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిల. అది శిథిలమై మొరం అవుతుంది. ఆ మొరం పొడి నూనె తడి ఉన్న చైనుకు పట్టి, రోలరుకూ పిన్నుకూ నడుమ చేరి, ఆకురాయివలె లోలోపల అరగదీస్తుంది. కాబట్టి 'నూనె పోస్తే చాలు' అనే మన ఇండ్లలోని సూత్రం సగమే నిజం. తుడవని చైనుపై నూనె పోయుట మురికికి జిగురు చేకూర్చుటయే. ముందు కిరోసిను తడిపిన గుడ్డతోను, పాత పళ్ల బ్రష్షుతోను చైనునూ వెనుక పళ్లచక్రాలనూ శుభ్రం చేయాలి. కిరోసిను దొరకనిచోట గిన్నెలు తోమే సబ్బునీళ్లయినా సరే. బాగా ఆరిన తరువాత ఒక్కొక్క లింకుకు ఒక్కొక్క చుక్క పలుచని మిషను నూనె వేసి, పెడలును కొంతసేపు వెనుకకు త్రిప్పి, పైకి కనబడే నూనెనంతా పొడిగుడ్డతో తుడిచివేయాలి. నూనె ఉండవలసినది లోపల, పైన కాదు. వంటింటి కొబ్బరినూనె పోసేవారు కూడా కలరు. అది కొద్దిరోజులకే చిక్కబడి బంకవలె పట్టుకొంటుంది.

చైను అరిగినదీ లేనిదీ తెలుసుకొనుటకు ఒక ఉక్కు టేపు చాలును. పిన్ను నుండి పక్క పిన్నుకు దూరం సరిగ్గా అర అంగుళం. ఒక పిన్ను నడిమి నుండి కొలత మొదలుపెట్టి, దానిని విడిచి 24వ పిన్ను ఎక్కడ పడినదో చూడవలెను. సరిగ్గా 12 అంగుళాలపై పడితే చైనుకు భయం లేదు. అంతకు మించి అంగుళంలో 16వ వంతు సాగితే చైను మార్చవలెను. 8వ వంతు దాకా ఊరుకొంటే చైనుతోబాటు పళ్లచక్రాలను కూడా మార్చవలసి వస్తుంది, ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. గణిత విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును: మొదటిది నూటికి అర వంతు సాగుడు, రెండవది నూటికి ఒక వంతు. ఆ అర శాతం తేడాను కనిపెట్టేవాడే సంసారం నడపగలవాడని మా అభిప్రాయం.

బ్రేకుల విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. రిమ్మును పట్టే రబ్బరు దిమ్మలపై గాడులుంటాయి. ఆ గాడులు మాసిపోయిన నాడు దిమ్మలు మార్చవలసినదే. లీవరు దగ్గర తీగ ఒక్క పోగు తెగి బయటికి వచ్చినా తక్కిన పోగులు తెగేవరకు వేచి ఉండరాదు. డిస్కు బ్రేకులున్న సైకిలుకైతే చైనుకు నూనె వేసేటప్పుడు ఒక్క తుంపర కూడా డిస్కుపై పడకుండా గుడ్డ అడ్డం పెట్టవలెను. నూనె త్రాగిన బ్రేకు ప్యాడు ఆ తరువాత చక్రాన్ని పట్టదు. కొండ వాలుపై ఇది ప్రాణంతో పని.

గేర్ల సంగతికి వస్తే, వెనుక గేరు మార్చే పరికరంపై రెండు చిన్న స్క్రూలు, వాటి ప్రక్కన హెచ్, ఎల్ అనే అక్షరాలు కనబడతాయి. మొదటిది చైను చిన్న పళ్లచక్రం దాటి బయటికి పోకుండాను, రెండవది పెద్ద చక్రం దాటి పుల్లలలోకి పోకుండాను కాపాడే సరిహద్దులు. వీటిని తెలియక త్రిప్పినవారి సైకిళ్లలో పరికరం పుల్లలలో చిక్కుకొని విరిగిన సందర్భాలున్నవి. త్రిప్పేటప్పుడు పావు చుట్టుకు మించకుండా త్రిప్పి, ప్రతిసారీ పెడలు ఆడించి చూచుకోవాలి. ఎడమ పెడలుకు ఎదురుమర ఉంటుందని తెలియక బలమంతా ఉపయోగించి మరింత బిగించే వస్తాదులు కూడా కలరు! హబ్బు విప్పదలచినవారు చర్రాలను లెక్కపెట్టుకొని విప్పుట మేలు. సాధారణంగా ముందు చక్రంలో ప్రక్కకు 10, వెనుక చక్రంలో ప్రక్కకు 9 ఉంటాయి. ఒక్కటి మంచం క్రిందికి దొర్లినా ఓవరాలింగు అక్కడితో ఆగుతుంది. ఇక పగిలిన ఫ్రేము, ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు, స్ప్రింగు ఫోర్కు లోపలి భాగాలు – వీటి జోలికి ఇంటివద్ద పోరాదు. పెద్ద బెండు తీయుట కూడా చేయి తిరిగిన మిస్త్రీ చేయవలసిన పనియే.

మిస్త్రీ అన్నాము గనుక ఒక్క మాట. 'మరమ్మతు' అనే పదమే అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా తెలుగుకు వచ్చినది. 'కిరాయి' కూడా అంతే. 'మిస్త్రీ' పోర్చుగీసు నుండి దిగివచ్చినది. పానా, చర్రా ఉర్దూ పలుకుబడి. పుల్ల, మర తెలుగు. ట్యూబు, పంచరు ఇంగ్లీషు. ఉర్దూ విభాగమూ తెలుగు విభాగమూ తగవు లేకుండా పంచుకొన్న నిఘంటువు ఏదైనా ఉన్నదంటే అది సైకిలు దుకాణంలోనే ఉన్నది.

ఇంతటి దుకాణం నుండి వచ్చే విద్యార్థి ప్రవేశపత్రంలో 'తండ్రి వృత్తి' అనే గడిలో ఏమి వ్రాస్తున్నాడు? 'వ్యాపారం' అని వ్రాస్తున్నాడు. మేము ప్రవేశాల బల్ల దగ్గర కూర్చున్న ప్రతి సంవత్సరమూ ఇది చూస్తున్నాము. సైకిలు మిస్త్రీ అని వ్రాయుటకు ఆ పిల్లవానికి కలము సాగదు. వాని తప్పు కాదు. గ్రీజు చేతిని చూచి మొగము చిట్లించే సమాజం వానికి ఆ పాఠం నేర్పినది. ఫిలింనగర్ వారు తమ పరిశ్రమలో 24 శాఖలున్నవని, సెట్టు కట్టే వడ్రంగి మొదలుకొని దర్శకుని వరకు అందరూ కళాకారులేనని సగర్వంగా చెప్పుకొంటారు. ఆచరణ ఎట్లున్నా ఆ మాట అనుటయే మంచిది. మన కళాశాలలో ఆ మాట అనేవారు కూడా లేరు.

మిస్త్రీల పక్షాన కూడా ఒక చిక్కు ఉన్నది. అట్లాస్, హీరో, హెర్క్యులిస్ సైకిళ్లపై జీవితం గడపిన పెద్దలు గేరు సైకిలును చూస్తే "ఇది మా చేతి పని కాదు బాబూ" అని త్రిప్పి పంపుతున్నారు. వారికి చక్రం బెండు తీయుట, చర్రాలు కూర్చుట మనకంటే వేయి రెట్లు తెలుసు. తెలియనిది కొత్త కొలతలు, ఇంగ్లీషులో వ్రాసిన సూచనల పుస్తకం. మన విద్యార్థికి ఆ పుస్తకం చదువుట వచ్చును, చేయి మాత్రం ఆడదు. ఒకరికి ఉన్నది మరొకరికి లేదు. ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టుట ఎవరి పని? కళాశాల పని అని మేము దృఢంగా అభిప్రాయపడుతున్నాము.

"డిగ్రీ చదివే పిల్లలకు పంచరు పనియా?" అని కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చును. విమానాన్ని కనిపెట్టిన రైటు సోదరులు 1892లో డేటన్ నగరంలో తెరచినది సైకిళ్లు అమ్మే, బాగుచేసే దుకాణమే. 1903 డిసెంబరులో ఆకాశానికి ఎగిరిన యంత్రం ఆ దుకాణపు సంపాదనతో, ఆ దుకాణపు చేతులతో తయారైనది. అంత దూరం పోనక్కరలేదు. మరమ్మతు హక్కు గురించి విధివిధానాలు రూపొందించుటకు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఒక కమిటీని నియమించినది. కొన్న వస్తువును బాగుచేసుకొనే హక్కు కొన్నవానికి ఉండాలన్నది దాని ఉద్దేశం. హక్కు ఢిల్లీ నుండి రావచ్చును గాని పానా పట్టుట ఢిల్లీ నేర్పదు గదా! ఇది ధనికుల ఆటవస్తువు, మనకెందుకు అనే ఆక్షేపణ కూడా విన్నాము. కొత్తగా ఉన్నంతకాలమే అది ధనికులది. బ్రేకు తెగిన నాటినుండి అది బస్తీ పిల్లలది. ఆ కారణం చేతనే ఈ విద్య మనకు అవసరం.

కార్యవర్గం వారికి మా మనవి స్వల్పమైనది. సైకిలు స్టాండు ప్రక్కన విరిగిన బెంచీలు వేసి ఉంచిన గది ఒకటి కలదు. అందులో ఒక బల్ల, దానికి ఒక వైసు, ఒక వరుస పానాలు, 4, 5, 6 మిల్లీమీటర్ల అల్లెన్ కీలు, గాలిపంపు, సొల్యూషను డబ్బా ఉంటే పని మొదలవుతుంది. సెల్లారులలో పడియున్న సైకిళ్లను యజమానుల లిఖితపూర్వక అనుమతితో తెచ్చి, బాగుచేసి, దూరంనుండి నడిచివచ్చే విద్యార్థులకు ఇవ్వవచ్చును. రెండు బ్రేకులూ పట్టనిదే ఏ సైకిలూ గేటు దాటరాదనే నియమం మాత్రం ఉండాలి. విద్యార్థినులకు కూడా సమానంగా ప్రవేశం కల్పించవలెను. పానా పట్టుటకు మీసం అక్కరలేదు. నేర్పే మిస్త్రీ పేరు బోధకుల జాబితాలో, ప్రయోగశాల సహాయకుల క్రింద కాకుండా, మాబోటి వారి పేర్ల వరుసలోనే అచ్చు వేయించవలెనని ప్రత్యేకంగా కోరుతున్నాము.

మా వీధి మొగలో నలభై ఏళ్లుగా పంచర్లు వేస్తున్న పెద్దమనిషిని అడిగి చూచాము. మొదట నవ్వారు. పిమ్మట శనివారాలు మధ్యాహ్నం రెండు గంటలు వస్తానన్నారు, గేరు సైకిలు పుస్తకం ఎవరైనా చదివి వినిపిస్తే తాను కూడా నేర్చుకొంటానన్నారు. ఆయనకు ఇవ్వవలసిన గౌరవ వేతనం ఎంతో కార్యవర్గం వారు నిర్ణయించి, మృగశిర కార్తె వానలు పడకముందే ఆ గది తాళంచెవి ఇప్పించగలరని ఆశిస్తున్నాము.