బీసీ-ఇ జాబితా చదవకుండానే ఇంత రభసా?

తెలంగాణలో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లు వచ్చినప్పటి నుంచి కరీంనగర్ ప్రెస్‌మీట్లలో, హైదరాబాద్ టీవీ చర్చల్లో ఒకటే పాట: బీసీల వాటాలో పది శాతం ముస్లింలు ఎగరేసుకుపోతున్నారని. ముస్లింలను బీసీల్లో కలపడమేమిటని కరీంనగర్ ఎంపీ, కేంద్ర హోంశాఖ సహాయ మంత్రి బండి సంజయ్ కుమార్ నిలదీస్తారు. ఎదుటి పక్షం వారు ‘మైనారిటీల హక్కు’ అంటూ ఆవేశపడతారు. యాంకర్ ఇద్దరికీ చెరో రెండు నిమిషాలు ఇచ్చి సరిపెడతాడు. అసలు ముస్లిం గ్రూపులను బీసీ-ఇగా చేర్చిన చట్టంలో ఏముందో మాత్రం ఎవరూ తెరిచి చూడరు. చూస్తే ఇద్దరి వాదనా నిలవదు.

ఈ కథ 2004లో వైఎస్ ప్రభుత్వంతో మొదలైందని చాలామంది నమ్మకం. అంతకు 34 ఏళ్ల ముందే ముస్లిం కులాలు బీసీ జాబితాలో ఉన్నాయి. బీసీలను గుర్తించడానికి వేసిన అనంతరామన్ కమిషన్ సిఫార్సులపై 1970 సెప్టెంబర్‌లో వెలువడిన జీవో 1793లో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలు ‘బి’ గ్రూపులో కనిపిస్తారు. పాకీపని చేసే మెహతర్ ముస్లింలది ‘ఎ’ గ్రూపు. ఆదిలాబాద్ లాంటి పత్తి నేలలో దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన వాళ్లను సాటి వృత్తికులాల సరసన నిలబెట్టడం ఎవరికీ వింతగా తోచలేదు. ఆ జాబితాను 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. మత రిజర్వేషన్ అన్న గోల అప్పుడు లేదు.

గోలకు తావిచ్చింది 2004 జూలై జీవో. ముస్లింలందరికీ కలిపి 5 శాతం ఇచ్చేశారు. బీసీ కమిషన్‌ను సంప్రదించలేదు, సంపన్నశ్రేణిని మినహాయించలేదు. సెప్టెంబర్‌లోనే హైకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. కొట్టివేత మాత్రమే వార్త అయింది. వెనుకబాటు కొలతకు తూగితే ముస్లింలను వెనుకబడిన వర్గంగా గుర్తించడానికి రాజ్యాంగం అడ్డు కాదని అదే తీర్పు చెప్పింది. ఆ మాట ఎవరికీ పట్టలేదు. ఆ తర్వాత తెచ్చిన 2005 చట్టమూ అదే ఏడాది నవంబర్‌లో కోర్టులో వీగిపోయింది.

2007 చట్టం దారి వేరు. మండల్ కమిషన్ సిఫార్సుల అమలుకు పాటుపడిన మాజీ ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ నివేదిక, ఆపైన బీసీ కమిషన్ పరిశీలన దానికి పునాది. హజాం, ధోబీ ముస్లిం, అత్తరు సాయిబులు, ఖురేషీ-కసాబ్, ఫకీరు, గారడీ సాయిబులు, సిద్దీలు ఇలా వృత్తుల పేర్లతో బీసీ-ఇ జాబితా తయారైంది. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న ఆదిలాబాద్ వాసులకు తెలిసిన మరాఠీ కసాబ్ పేరు కూడా అందులో ఉంది. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్ఛీ మెమన్ తదితరులను చట్టమే పేరుపేరునా బయట పెట్టింది. మతమే ప్రాతిపదికైతే వీళ్లను గడప బయట నిలబెట్టాల్సిన పనేముంది? 2024-25 కులసర్వే రాష్ట్ర జనాభాలో బీసీ ముస్లింలను 10.08 శాతంగా, ఓసీ ముస్లింలను 2.48 శాతంగా విడదీసి చూపిందీ ఈ గీత వల్లనే. మంగలి, చాకలి వృత్తుల హిందువులు బీసీ-ఎలో ఉన్నప్పుడు, అదే కత్తెర, అదే బండ పట్టిన ముస్లిం బీసీ కాకూడదనడమే మతాన్ని కొలబద్ద చేయడం. హిందూ వృత్తికులం జాబితాలో ఉంటే అదే వృత్తి చేసే ఇతర మతస్థులనూ చేర్చాలన్నది మండల్ సూత్రం. గుజరాత్ ఓబీసీ జాబితాలోనూ ముస్లిం ఘాంచీలు, పింజారాలు ఉన్నారు.

ఎదుటివారి వాదనలో బలం లేకపోలేదు. జాబితాలో ‘షేక్’ ఉంది, చివర ‘ఇతర ముస్లిం గ్రూపులు’ అన్న పద్దూ ఉంది. మినహాయించిన వాళ్లు పోగా మిగతా అందరూ అందులో పడతారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 5-2తో 2007 చట్టాన్ని కొట్టేసినప్పుడు, ఇది ఒక మతానికి పరిమితమైందని, సర్వే పద్ధతి లోపభూయిష్టమని మెజారిటీ అన్నది. అయినా ఊళ్లలో కూలికీ చిల్లర వృత్తులకూ పోయే సాయిబుల ఇంటిపేరు ఎక్కువగా షేకే. పద్దు వదులుగా ఉంటే బిగించాలి, గణాంకాలు చాలకపోతే మళ్లీ లెక్కించాలి. హజాంను, కసాబ్‌ను బయటికి నెట్టడానికి అది సాకు కాకూడదు. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు రిజర్వేషన్ కొనసాగించమని మధ్యంతర ఉత్తర్వులిచ్చి, కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఒక తరం పిల్లలు ఆ తాత్కాలిక ఉత్తర్వు నీడలోనే చదువు ముగించారు.

ఇక ‘మన వాటా పోతోంది’ అన్న లెక్క. బీసీ రిజర్వేషన్లలో ఎకు 7, బికి 10, సికి 1, డికి 7, మొత్తం 25 శాతం. దాని పైన ఇకు 4 కలిపితే 29 అయింది. ఇన్నేళ్లుగా చదువుల్లో, ఉద్యోగాల్లో బీసీ-ఇ వల్ల మంగలి బిడ్డ, పద్మశాలి బిడ్డ పోగొట్టుకున్న సీటు ఒక్కటీ లేదు. చిక్కల్లా స్థానిక సంస్థల్లో. అక్కడ బీసీలంతా ఒకే గంప, ఎ నుంచి ఇ దాకా విభజన లేదు. కాబట్టి బీసీ వార్డులో ముస్లిం గెలిస్తే మిగతా బీసీలకు గుబులు పుడుతుంది. ఆ గుబులు న్యాయమైనదే. దానికి మందు వర్గీకరణ. ఎస్సీల్లో వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది, 2025లో తెలంగాణ అమలు చేసింది. వార్డుల్లో, సర్పంచ్ పదవుల్లో బీసీలకు అదే పని చేయాలని ఎవరూ నోరు మెదపరు. ఎందుకంటే అప్పుడు బీసీల్లో సంఖ్యాబలమున్న కులాల ఆధిపత్యం కూడా బయటపడుతుంది.

నిజంగా మతం చూసే చట్టం ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధులు తప్ప మరెవరూ ఎస్సీలు కారు. పాకీపని చేసే హిందువు ఎస్సీ అయితే, అదే పని చేసే మెహతర్ ముస్లిం బీసీతో సరిపెట్టుకోవాలి. మతం పేరిట రిజర్వేషన్లు వద్దనేవారు ముందు దీని మీద మాట్లాడాలి.

ముస్లిం పెద్దలకూ ఒక మాట చెప్పాలి. అల్లా ముందు అందరూ సమానమే, నమాజు వరసలో తేడా లేదు. నిఖా సంబంధాల దగ్గర మాత్రం సయ్యద్ ఎవరో, కసాబ్ ఎవరో అందరికీ గుర్తొస్తుంది. ఇస్లాంలో కులం లేదంటూ వేదికెక్కి, అదే నోటితో ‘ముస్లిం కోటా’ అడిగితే ప్రత్యర్థికి ఆయుధం అందించినట్టే. 2014లో ముస్లింలకు 12 శాతం రిజర్వేషన్ హామీ ఇచ్చి, 2017 ఏప్రిల్‌లో బిల్లు పెట్టిన కేసీఆర్ ప్రభుత్వం సరిగ్గా ఆ తప్పే చేసింది. వృత్తుల ఊసెత్తకుండా ముస్లింలకు కానుకగా ప్రచారం చేసుకుంది. బిల్లు ఢిల్లీ దాటి రాలేదు, నింద మాత్రం బీసీ-ఇ మెడకు చుట్టుకుంది.

ఈ దేశంలో ముస్లింగా ఉండటమంటే ఒకే అచ్చులో పోసినట్టు ఉండటం కాదని 1970 నాటి జీవోకే తెలుసు. నమాజు చదివినంత మాత్రాన వెనుకబాటు రాదు, పోదు. ప్రభుత్వానికి చిత్తశుద్ధి ఉంటే కులసర్వేలో బీసీ-ఇ వృత్తులవారీ వివరాలు బయటపెట్టి, వాటితో సుప్రీంకోర్టులో విచారణ త్వరగా జరపమని కోరాలి. ముస్లింలను తీసేయాలనే నాయకులు కూడా జాబితా ముందు పెట్టుకుని, అందులో ఏ వృత్తి వెనుకబడలేదో పేరు పెట్టి చెప్పాలి. చెప్పలేకపోతే వాళ్ల అభ్యంతరం జాబితా మీద కాదు, మనుషుల మతం మీదే అనుకోవాలి.