దయ్యము నిజమా యని యడిగినవారికి

గత శీతకాలమున బరంపురమందలి మా తెలుగు కుటుంబములు కూడిన సాయంకాలమున, భోజనములకు ముందు, ఒక గంట నిడివిగల వంగ చలనచిత్రము ప్రదర్శింపబడినది. సత్యజిత్ రాయ్ 1961లో, రవీంద్రుని శతజయంతి సంవత్సరమున, నిర్మించిన ‘తీన్ కన్యా’ యందలి మూడు కథలలో నడిమిది యది. పేరు ‘మణిహారా’. చిత్రము ముగిసి దీపములు వెలిగినంతనే మనవారు పలికిన పలుకులను మేము వింటిమి. ఆ పలుకులకు ప్రత్యుత్తరమే యీ వ్యాసము. ఎవరి పేరును చెప్పము. చెప్పవలసిన పనియు లేదు. అట్టివారు ప్రతి యూరి సంఘమునందును గలరు. వెదకినచో మనలోనే కలరు.

చూడనివారికొరకు కథను క్లుప్తముగా చెప్పుదుము. నదియొడ్డున పాడుబడిన మేడ. రేవు మెట్లపై కూర్చున్న బడిపంతులు, మేన శాలువ కప్పుకొన్న యొక యపరిచితునకు ఆ మేడలో కాపురమున్న దంపతుల కథ చెప్పుచుండును. భర్త ఫణిభూషణుడు, భార్య మణిమాలిక. ఇల్లు పెద్దది, సంతానము లేదు. అతడు నగలు తెచ్చి యిచ్చును. ఆమె వానిని పెట్టెలో దాచుకొనును. వ్యాపారమున అతనికి గడ్డుకాలము వచ్చినపుడు, నగలడుగునేమో యను భయముతో ఆమె బంధువు నొకని తోడు తీసికొని, నగలన్నిటితో ఇల్లు విడిచిపోవును. మరల ఆమె జాడ తెలియదు. భర్త ఆ మేడలో ఒంటరిగా ఎదురుచూచును. ఒక రాత్రి ఆమె వచ్చును. తిరిగివచ్చితివా యని అతడు ఆశతో అడుగును. నగలపెట్టెకై చాచిన చేయి మాత్రము ఎముకల చేయి. చివరకు కథ వినుచున్న యపరిచితుడు తానే ఫణిభూషణుడనని చెప్పి మాయమగును.

ఇది చూచి మనవారేమనిరి? యువకులు, ‘భయమే వేయలేదు’ అనిరి. ఎముకల చేయి కనబడినపుడు కొందరు పకపక నవ్విరి. చదువుకొన్న పెద్ద యొకరు, ‘దయ్యము నిజముగా వచ్చినదా, లేక భర్తకు మతి చలించినదా? దర్శకుడు తేల్చి చెప్పవలదా?’ అని ప్రశ్నించిరి. మరియొకరు, ‘నగల పిచ్చికి తగిన శాస్తి’ యని తీర్పు చెప్పిరి. ఇంకొకరు, ‘శుభమా యని నాలుగు కుటుంబములు కూడినచోట చావు కథయేల? అందును తెలుగుకాని చిత్రమేల?’ అని కినిసిరి. ఈ కడపటి మాటయే నెగ్గినది. ఇకమీదట వినోదచిత్రములే ప్రదర్శింపవలెనని తరువాతి నెలలో కార్యవర్గము నిర్ణయించినది. ఆ నిర్ణయము తప్పని మా వాదము.

మొదట భయము మాట. భయపెట్టుటకే దయ్యపు కథ పుట్టినదని ఎవరు చెప్పిరి? తళుక్కున వెలుగు, గుండె యదరునట్టి చప్పుడు, వెనుకనుండి వచ్చి పట్టుకొను చేయి, వీనికి అలవాటుపడిన కన్నులకు ఈ చిత్రము చప్పగానుండుట సహజమే. ఆ యెముకల చేయి నేటి కంటికి బొమ్మవలె తోచుననియు మేము ఒప్పుకొందుము. ‘తీన్ కన్యా’ విదేశములకు పోయినపుడు ఈ కథను విడిచి, తక్కిన రెండింటినే ‘టూ డాటర్స్’ అను పేర చూపిరి. కావున దీనికి చిన్నచూపు మనయూరిలోనే క్రొత్తగా కలిగినది కాదు. అయినను మేమొక్కటి యడుగుదుము. ఫణిభూషణుడు ఆమె రాకకు జడిసి పారిపోయెనా? లేదు. ఎదురుచూచెను, వచ్చినందుకు సంతోషించెను. పోయిన తనవారు తలుపు తట్టినచో తలుపు తీయనివాడెవడు? దయ్యమనిన పరులకు భయము, ఇంటివారికి ఆశ. ఈ భేదమును గుర్తింపలేనివారు ఆ గంటసేపు పరుల యింటి కిటికీలోనుండి తొంగిచూచినవారే గాని లోపలికి పోయినవారు కారు.

ఇక రెండవ ప్రశ్న: నిజమా, భ్రమయా? ఇది హేతుబద్ధమైన ప్రశ్నయని అడిగినవారి యభిప్రాయము. హేతువును మేము నిందింపము. కాని ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన భారతములోనే యున్నది. యుద్ధము ముగిసి 16 ఏండ్లు గడచిన పిమ్మట, అడవిలో తపస్సు చేసికొనుచున్న ధృతరాష్ట్రుని కడకు పాండవులు పోయిరి. వ్యాసుడును అచ్చటికి వచ్చెను. అంతకాలము గడచినను ఈ వృద్ధునకు పుత్రశోకము తీరలేదని గాంధారి విన్నవించెను. కుంతి కర్ణుని తలచి కుమిలెను. అంతట వ్యాసుడు అందరిని గంగయొడ్డునకు తోడ్కొనిపోయి, రాత్రి కాగానే, మడిసిన వీరులను నీటినుండి పిలిచెను. వారు వైరములు మరచి వచ్చిరి. గ్రుడ్డిరాజు కన్నులార కొడుకులను చూచెను. ఆ యొక్క రాత్రి తల్లులు కొడుకులతో, భార్యలు భర్తలతో గడపిరి. తెల్లవారకమునుపే వారందరు మరల నీట మునిగిపోయిరి.

ఇది ఆశ్రమవాసపర్వమందలి కథ. విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తెనిగించిన తిక్కన సోమయాజి చేతిమీదుగా మనకు సంక్రమించిన పర్వములలో ఇదియు నొకటి. ఈ కథ విన్న జనమేజయుడు వ్యాసభారతమున నేమడిగెను? దేహములు నశించినవారు అదే రూపముతో ఎట్లు కనబడుదురని అడిగెను. మన పెద్దమనిషి యడిగినదియు అదే. సమాధానము విన్న పిమ్మటను అతని మనసు ఊరకుండలేదు. తన తండ్రిని చూపినచో నమ్ముదుననెను. వ్యాసుని యనుగ్రహమున పరీక్షిత్తు కనబడెను; కొడుకు సంతోషమున మునిగెను. ప్రశ్న యడిగినవాని లోపల తండ్రి లేని కొడుకొకడు కూర్చుండెనని ఆ కథ చెప్పిన ఋషికి తెలియును. ‘నిజమా?’ అను ప్రశ్న వెనుక ‘నావారిని నేను మరల చూడగలనా?’ అను ప్రశ్న దాగియుండును. మొదటిదానిని గట్టిగా అడిగి రెండవదానిని మ్రింగివేయుట హేతువాదము కాదు, పిరికితనము.

మూడవ మాట, నగల పిచ్చి. ఈ తీర్పు చెప్పినవారు చిత్రము పేరునే సరిగా వినలేదు. ‘మణిహారా’ యనగానే మన తెలుగు చెవికి మణిహారము, అనగా కంఠహారము, వినబడినది. వంగభాషలో ‘హారా’ యనగా కోల్పోయిన యని యర్థము. హారమునుగూర్చిన కథయని చూచినవారికి నగలే కనబడినవి. కోల్పోవుటనుగూర్చిన కథయని చూచినచో ఇల్లు కనబడును. మణిమాలిక కఠినురాలు కాదని మేమనము. ఆమె మగనిని నమ్మలేదు, మగడు ఆమెను ఎరుగలేదు. కాని ఒడి నిండని స్త్రీ పెట్టె నింపుకొన్నది. ఇచ్చుటకు వేరేమియు లేని మగడు మరియొక నగ తెచ్చెను. ఇద్దరి నడుమ పుట్టని బిడ్డకై ఏడ్చుటకు ఆ మేడలో చోటు లేకపోయెను. ఆ యేడ్వని యేడుపే ఎముకలై తిరిగివచ్చినదని మేము గ్రహించితిమి.

ఈ గ్రహింపు మా సొంతము కాదు. వెనుక వరుసలో కూర్చున్న యొక వృద్ధురాలు మాకు దానిని ప్రసాదించినది. ఆమెకు వంగభాష రాదు. తెరపై క్రింద పడు ఆంగ్లాక్షరములును చదువలేదు. చిత్రము ముగిసినపుడు ఆమె ప్రక్కవారితో నన్నమాట ఇది: ‘పాపం, ఆ యింట్లో పసిబిడ్డ సవ్వడి లేదు బాబూ. నగల సవ్వడే మిగిలింది.’ మా విమర్శకులందరు కలిసి చెప్పినదానికంటె ఆ రెండు మాటలు ఎక్కువ చెప్పినవి.

ఆమె రెండేండ్ల క్రిందట ఎదిగిన కొడుకును పోగొట్టుకొన్నది. సంఘములో అందరికి తెలియును. కావుననే ఎవ్వరును ఆమెయెదుట అతని పేరెత్తరు. అది మర్యాద యని మన భావము. ఆ రాత్రి భోజనముల పంక్తిలో, ఆమె తానుగా కొడుకు పేరెత్తి, వాడు పులిహోర ఎట్లు తినెడివాడో చెప్పసాగెను. ప్రక్కనున్నవారు వెంటనే మాట మార్చి వాతావరణమునుగూర్చి ముచ్చటించిరి. ఆమె మారుమాటాడక విస్తరివైపు చూచుచుండిపోయెను. మాట మార్చినవారిలో మేమును ఉంటిమి. సిగ్గుతో ఈ సంగతి వ్రాయుచున్నాము. చావు కథ శుభవేళకు తగదని నిర్ణయించిన కార్యవర్గమునకు మేము చెప్పదలచిన దిదియే: ఆ చిత్రము ఆ తల్లి నోరు తెరపించినది; మనము మూయించితిమి. ఈ రెంటిలో అశుభమేది?

శుభాశుభముల మాట వచ్చినది గనుక అడుగుదుము. భాద్రపద కృష్ణపక్షమున పక్షము దినములు పితృదేవతలను తలచువారము మనము కామా? సంక్రాంతినాడు క్రొత్త బట్టలు ముందుగా పెద్దలకు పెట్టి, ఆ పిదప తాము కట్టుకొను కుటుంబములు మనలో లేవా? సంవత్సరమున కెల్ల పెద్ద పండుగనాడే పోయినవారిని ఇంటికి పిలిచిన జాతికి, పోయినవారు ఇంటికి వచ్చిన కథ అశుభమెట్లగును? చావును పండుగనుండి వెలివేయుట మన పూర్వాచారము కాదు. మనము ఇటీవల నేర్చిన నాగరికత.

తెలుగుకాని చిత్రమేల యనినవారికి కొంత వివరముగా చెప్పవలసియున్నది. మన తాతలు ఇల్లు కదలలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు వారి చుట్టును సరిహద్దే కదలినది. చెన్నరాజధానిలో పరుండి ఒరిస్సాలో లేచినవారు మనవారు. నాటినుండి ఇరుగుపొరుగు ఒడియావారితో కలిసిమెలిసి బ్రతుకుచు తెలుగును నిలుపుకొన్నాము. సంతోషమే. కాని దేనికొరకు నిలుపుకొన్నాము? ఉగాదినాటి పద్యములకు, సన్మానపత్రములకు, ఇట్టి సంచికలకు. ఇంటిలో నొకరు కాలము చేసినచో ఇప్పుడు మనకు వచ్చు పరామర్శ యెట్టిది? చేతిలోని సెల్‌ఫోనులో ‘ఆర్.ఐ.పి.’ యను మూడాంగ్లాక్షరములు. శోకములు పెట్టి యేడ్చిన మన ముత్తవ్వలు, పోయినవానిని తండ్రీ యని, నాయనా యని పిలిచి, వాని గుణములన్నియు వరుసగా చెప్పి, వీధినంతటిని ఏడిపించెడివారు. ఆ రాగమును వినని బిడ్డలు ఎముకల చేతిని చూచి నవ్వినారనిన, తప్పు బిడ్డలది కాదు.

పండితులును ఈ దుఃఖమునకు దూరముగా నుండలేదు. విశ్వనాథ సత్యనారాయణ భార్యను పోగొట్టుకొని ‘వరలక్ష్మీ త్రిశతి’ని రచించెను. నాయని సుబ్బారావు తల్లికై ‘మాతృగీతములు’ వ్రాసెను. ఇవి మన యిండ్లలో ఎన్ని బీరువాలలో నున్నవి? ఉన్నను, ఎవరింట చావు జరిగినపుడు ఎవరు తీసి చదివిరి? పరభాషా చిత్రము వలదనుట తేలిక. వంగీయులు తమ యింటి దుఃఖమును తమ భాషలో చెప్పుకొన్నారు. వారి ననుకరించి మన దుఃఖమును మనభాషలో చెప్పుకొనుట కష్టము. మొదటిదాని చాటున రెండవదానిని తప్పించుకొనరాదు. శుభకార్యములకు మాత్రమే పనికివచ్చు భాష అద్దెకు తెచ్చిన పందిరివంటిది. పండుగ ముగియగానే విప్పి పంపవలసినదే. కష్టకాలమున తలదాచుకొనుటకు పనికివచ్చినదే ఇల్లు.

కావున కార్యవర్గమునకు మా విన్నపము. ఆ నిర్ణయమును ఉపసంహరింపుడు. హాస్యచిత్రములు వలదని మేమనము. నవ్వుటయు మనకు కావలయును. కాని ఏడాదికొక సాయంకాలము ఇట్టి కథ నొకదానిని చూపుడు; తెలుగున నున్నచో తెలుగున, లేనిచో ఏ భాషనైనను. ముగిసిన పిదప వెంటనే భోజనములకు పిలువక అరగంట ఆగుడు. ఆ యరగంట తెలుగులో మాటలాడుకొందము. చిత్రము బాగున్నదా లేదా యని కాదు. ఎవరింట నెవరు పోయిరో, వారికేమి యిష్టమో, వారు మనల నేమని పిలిచెడివారో చెప్పుకొందము. పిల్లలు ప్రక్కన కూర్చుండి విందురు. ఆ మాటలు ఏ పాఠశాలయందును దొరకవు.

దయ్యము నిజమా యని యడిగినవారికి మేము తేల్చి చెప్పలేము. రాయ్ మహాశయుడును తేల్చలేదు. ఆ తల్లి పంక్తిలో పలికిన పేరు మాత్రము నిజము. వచ్చుసారి ఆమె ఆ పేరెత్తినపుడు మాట మార్చకుండ వినగలిగినచో, ఆ చిత్రము చూచినందుకు ఫలితము దక్కినదని మేము తలంతుము.